కాటన్ దొర కుటుంబము – కర్నూలు కడప కాలువ



శ్రీశైలమునకు వచ్చిన యాత్రికుడు మెట్లు దిగి పాతాళగంగలో మునిగి మల్లికార్జునుని దర్శనమునకు పోవును. ఆ నీటిని కృష్ణ అందురు. కాని అందు తుంగభద్ర నీరు కూడ ఉన్నది. పడమటి కనుమలలో పుట్టి, బళ్ళారి, కర్నూలు సీమల మీదుగా ప్రవహించి, అలంపురమునకు సమీపమున కూడవెల్లి వద్ద ఆ నది కృష్ణలో కలియుచున్నది. ఆ సంగమమునకు ఎగువను, కర్నూలు పట్టణమునకును ఎగువను, సుంకేసుల యను గ్రామమున్నది. అచ్చట 19వ శతాబ్దిలో తుంగభద్రకు అడ్డముగ ఆనకట్ట కట్టి, నీటిలో కొంత భాగమును దక్షిణముగ పెన్నా లోయకు మళ్ళించిరి. కర్నూలు కడప కాలువ, అనగా అందఱును కె.సి. కాలువ అని పిలుచునది, అదియే. ఆ యూహకు మూలపురుషుడు సర్ ఆర్థర్ కాటన్.

గోదావరి మండలములలో ఈయన పేరెఱుగని పల్లె లేదు. అచ్చటి కూడళ్ళలో ఆయన విగ్రహములు కలవు. నదీస్నాన సంకల్పములో సైతము ఆయనను తలచుకొనువారు కలరు. రాయలసీమలో ఆ పేరు అంతగా వినబడదు. అచ్చట ఆయన తలపెట్టిన పని లాభమని లెక్కల పుస్తకములు వ్రాసినవి. ఇచ్చట నష్టమని వ్రాసినవి. ఒకే మనస్సు నుండి పుట్టిన రెండు పనులకు ఇట్టి భేద మేల కలిగినది? నష్టమనగా ఎవరికి నష్టము? ఇది తెలియవలె నన్నచో ఆ మనుష్యుని వంశమును, జీవితమును కొంత తెలిసికొనవలెను.

కాటన్ కుటుంబము ఇంగ్లాండులోని చెషైర్ సీమలో కాంబర్‌మియర్ అను చోట నివసించిన భూస్వాముల కుటుంబము. ఆర్థర్ తాతయైన సర్ లించ్ సాల్స్‌బరీ కాటన్ బారొనెట్ బిరుదము గలవాడు. ఆ దేశాచారము ననుసరించి బిరుదమును, భూమియును పెద్ద కుమారునికే చెందును. తక్కిన కుమారులు కొలువు వెదకికొనవలసినదే. ఆర్థర్ తండ్రి హెన్రీ కాల్వలీ కాటన్ అట్టి చిన్న కుమారులలో ఒకడు. ఆయనకు పదునొకండుగురు కొడుకులు. వారిలో పదియవవాడు ఆర్థర్. 1803వ సంవత్సరము మే 15వ తేదీన జన్మించెను. చిన్న కుమారునికి పుట్టిన పదియవ కొడుకునకు వారసత్వముగ వచ్చున దేమి యుండును? ఆ కాలమున అట్టి యువకులనేకులు తూర్పిండియా కంపెనీ కొలువులో చేరి ఓడ యెక్కుచుండిరి.

ఈ కుటుంబమునకు భారతదేశముతో సంబంధము ఆర్థర్ ఒక్కనితోనే ఏర్పడలేదు. ఆయన పెదతండ్రి కుమారుడు స్టేపుల్టన్ కాటన్, అనగా లార్డ్ కాంబర్‌మియర్, 1826లో భరతపురము కోటను పట్టుకొన్న సేనాపతి. అన్న సిడ్నీ కాటన్ 1857లో పెషావరున సైన్యాధికారిగ నుండెను. మఱియొక అన్న రిచర్డ్ లించ్ కాటన్ ఆక్స్‌ఫర్డులోని వూస్టర్ కళాశాలకు అధిపతిగ 1839 నుండి 1880 వఱకు నుండెను. తమ్ముడు ఫ్రెడరిక్ కాటన్ కూడ మద్రాసు ఇంజనీరింగు దళములోనే పని చేసెను. ఒక తల్లి బిడ్డలలో ఒకడు కత్తి పట్టెను, ఒకడు గ్రంథము పట్టెను, ఇరువురు నీటిని మళ్ళించు విద్య పట్టిరి.

ఆర్థర్ కంపెనీ వారి ఆడిస్కూంబ్ సైనిక పాఠశాలలో చదివి, 1819లో మద్రాసు ఇంజనీర్లలో నియామకము పొంది, 1821లో మద్రాసు చేరెను. అప్పటికి ఆయనకు పదునెనిమిదేండ్లు. మొదట దక్షిణ జిల్లాల చెఱువుల పనిలో నుండెను. 1824లో ఆరంభమైన బర్మా యుద్ధమునకు పోయి వచ్చెను. పిమ్మట ఆయన చేతికి కావేరి వచ్చెను.

కావేరిపై చోళుల నాటి కల్లణై ఆనకట్ట కలదు. లోతైన ఇసుకలో, రాతిపునాది దొరకని చోట, గోడ ఎట్లు నిలుచునని పాశ్చాత్య విద్య నేర్చిన ఇంజనీర్లు సందేహించుచుండిరి. ఆ పాతకట్టడము శతాబ్దములుగ నిలిచియే యున్నది. ఇసుకలో పునాది వేయు ఉపాయమును దానిని కట్టిన పూర్వుల నుండియే నేర్చుకొంటిమని కాటన్ దాచక ఒప్పుకొనెను. ఆ విద్యతో కొల్లిడముపై ఎగువ ఆనకట్టను, దిగువ ఆనకట్టను 1836 నాటికి కట్టించెను. పరదేశమునకు ఏలికగ వచ్చినవాడు ఆ దేశపు పనివానిని గురువుగ నంగీకరించుట చిన్న విషయము కాదు.

ఎండలో, జ్వరములలో చేసిన పని ఆయన శరీరమును క్రుంగదీసెను. సెలవుపై ఆస్ట్రేలియాకు దక్షిణముననున్న టాస్మేనియా ద్వీపమునకు పోయెను. అచ్చట 1841లో ఎలిజబెత్ లియర్మంత్ అను ఆమెను వివాహమాడెను. మఱుసటి యేట వారికి కుమార్తె కలిగెను. ఆ బిడ్డకును తల్లి పేరే పెట్టిరి. భార్యాబిడ్డలతో ఆయన తెలుగుదేశమునకు వచ్చునప్పటికి గోదావరి సీమ దీనస్థితిలో నుండెను. 1832–33లో నందన కరువు వచ్చి వెళ్ళినది. 1839లో ఉప్పెన వచ్చినది. వర్షాకాలమున నది సముద్రమువలె పొంగి పోవుచుండగా, వేసవిలో దాని గట్టుననే జనులు నీరు లేక అలమటించుచుండిరి.

కాటన్ నదీతీరము వెంబడి తిరిగి పరిశీలించి నివేదిక వ్రాసెను. 1847లో ధవళేశ్వరము వద్ద పని ఆరంభమై 1852లో ముగిసెను. నదిని పూర్తిగ ఆపుట ఆయన యుద్దేశము కాదు. వఱద గోడమీదుగ పొర్లి పోవలెను. వఱద తీసిన పిమ్మట మిగిలిన నీరు కాలువల తలుపులను అందుకొనునంత యెత్తున నిలువవలెను. అందుకు కావలసిన ఎత్తు కొద్దిదే. రాయి ధవళేశ్వరపు కొండనుండియే దొరకెను. వేలకొలది కూలీలు పని చేసిరి. వీణెం వీరన్న అను తెలుగు ఉద్యోగి ఆయనకు కుడిభుజముగ నుండెను. తరువాత 1855 నాటికి ఆయన శిష్యుడైన చార్లెస్ ఓర్ కృష్ణపై బెజవాడ ఆనకట్టను పూర్తి చేసెను. ఉభయ డెల్టాలును పచ్చబడెను. ప్రభుత్వమునకు శిస్తు పెరిగెను. కాటన్ మాట వేదవాక్యమని పలువురు నమ్మిరి. బహుశః ఆయనయు తన మాటను కొంత ఎక్కువగ నమ్మెను.

డెల్టాలో గెలిచిన పిమ్మట ఆయన చూపు మెట్టసీమపై పడెను. తుంగభద్ర పడమటి కనుమల వానలతో నిండును. ఆ నీరు ప్రవహించు బళ్ళారి, కర్నూలు సీమలలోను, వాటికి దక్షిణముననున్న కడప సీమలోను వాన తక్కువ. నీరు నడచిపోవుచుండగా నేల ఎండుచున్నది. ఎగువను ఆపి, కాలువ త్రవ్వి, కర్నూలు మీదుగ పెన్నకు చేర్చి, అచ్చటినుండి నెల్లూరు తీరము వఱకు కొనిపోయినచో పైరునకు పైరును, పడవలపై సరకు రవాణాకు త్రోవయును ఏర్పడునని ఆయన తలచెను. తుంగభద్రను ఎగువను నిలువ చేయవలెనన్న తలంపునకు ఆద్యుడు కూడ ఆయనయే. ఆ తలంపు హొస్పేట వద్ద జలాశయముగ రూపొందుటకు 1953 వఱకు కాలము పట్టెను.

ప్రభుత్వము తన ధనముతో ఈ పని చేయుటకు ముందుకు రాలేదు. 1858లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ యను సంస్థ లండనులో ఏర్పడెను. మూలధనము పది లక్షల పౌనులు. లాభము వచ్చినను రాకున్నను వాటాదారులకు నూటికి ఐదు చొప్పున వడ్డీ చెల్లునని ప్రభుత్వము హామీ యిచ్చెను. ఇది గుర్తుంచుకొనదగిన విషయము. లండనులో వాటా కొన్నవానికి నష్టభయము లేదు. ఆ వడ్డీ భారము ఈ దేశపు ఖజానా మీద, అనగా రైతు చెల్లించు శిస్తు మీద పడెను. కాలువలో నీరు పాఱకముందే వడ్డీ పాఱ నారంభించెను.

సుంకేసుల వద్ద ఆనకట్ట లేచెను. కాలువ 1863 నుండి 1870 వఱకు త్రవ్వబడెను. పొడవు 190 మైళ్ళు. కర్నూలు వద్ద హంద్రీ నది అడ్డు వచ్చెను. దానిమీదుగ రాతి వంతెన కట్టి నీటిని దాటించిరి. క్రింద నది, పైన కాలువ. మిట్టకందాల వద్ద కృష్ణా లోయకును పెన్నా లోయకును నడుమ నున్న మిట్ట నేల అడ్డమాయెను. దానిని లోతుగ త్రవ్విరి. అచ్చటినుండి నీరు కుందేరు లోయలోనికి దిగెను. కుందేరుపై రాజోలి వద్దను, పెన్నపై ఆదినిమ్మాయపల్లె వద్దను ఆనకట్టలతో దానిని మరల పట్టి కడప సీమకు అందించిరి. డెల్టాలో మెత్తని ఒండ్రునేల, సమతలము. ఇచ్చట రాయి, గుట్ట, వాగు, వంక. డెల్టా అనుభవముతో వేసిన అంచనాలు ఇచ్చట చాలలేదు. 1866 నాటికే మూలధనము కరగిపోయెను. ప్రభుత్వము మఱి ఆఱు లక్షల పౌనులు అప్పిచ్చినగాని పని సాగలేదు. నెల్లూరు తీరమునకు పోవలసిన కాలువ కడప సీమతోనే ఆగిపోయెను.

కాలువ వచ్చెను, కాని రైతు నీటికై పరుగెత్తి రాలేదు. కంపెనీవారు ఇది సోమరితనమనియు, మూఢత్వమనియు తలచిరి. ఆ నింద న్యాయము కాదు. కర్నూలు, నంద్యాల ప్రాంతములది నల్లరేగడి. ఒకసారి బాగుగ తడిసినచో ఆ నేల నెలల తరబడి పదును నిలుపుకొనును. జొన్న, కొఱ్ఱ, ప్రత్తి ఆ పదునుతోనే పండును. వాన కురిసిన యేడు ఆ పొలమునకు కాలువ నీరు అవసరము లేదు. ఎక్కువ పెట్టినచో నేల చవుడు బాఱును. వరి వేయవలె నన్నచో పొలము చదును చేయవలెను, గట్లు వేయవలెను, ఎద్దులు, ఎరువు, కూలీలు అధికముగ కావలెను. ఆ పెట్టుబడి ఎవ రిత్తురు? పైగా నీటితీరువ ఎక్కువ. నదికి నిలువ జలాశయము లేనందున, వేసవిలో నీరు వచ్చునను నమ్మకమును లేదు. రైతు తన లెక్క తాను వేసికొనెను. ఆ లెక్క తప్పు కాదు.

అంతలో 1876లో ధాత కరువు వచ్చెను. నైరుతి వానలు తప్పెను, ఈశాన్యపు వానలును తప్పెను. బళ్ళారి, కర్నూలు, కడప సీమలు కాలిపోయెను. 1871, 1881 సంవత్సరముల జనాభా లెక్కలను పోల్చి చూచినచో కర్నూలు జిల్లా జనసంఖ్య సుమారు నాలుగవ వంతు తగ్గినది. ఊళ్ళకు ఊళ్ళు పాడువడెను. ఆ యేడు కాలువ వెంబడి రైతులు నీరు కోరిరి. అంతవఱకు పెట్టుబడికి వెనుదీసిన వారు సైతము పొలములు తడుపుకొనిరి. నీరు అందిన మేర పైరు నిలిచెను. కొలతకు మించిన ధనము మ్రింగినదని పేరుపడిన ఆ కాలువ ఆ కరువునాడు తన గట్ల వెంబడి ధాన్యము పండించెను.

ఇది లాభమా, నష్టమా? కంపెనీ లెక్కల పుస్తకములో నీటితీరువ కొక పద్దు ఉన్నది. వడ్డీ కొక పద్దు ఉన్నది. చావు తప్పిన మనుష్యునకు పద్దు లేదు. 1878లో లండను పార్లమెంటువారు భారతదేశపు పనులను విచారించుటకు లార్డ్ జార్జ్ హామిల్టన్ అధ్యక్షతన ఒక సంఘమును నియమించిరి. డెబ్బదియైదేండ్ల కాటన్ దాని యెదుట సాక్ష్య మిచ్చెను. రైలుమార్గములకు కుమ్మరించు ధనమును కాలువలకు పెట్టినచో కరువులు తగ్గుననియు, చవుకగ రవాణాయు సాగుననియు వాదించెను. సంఘము ఆయన పథకముల నంగీకరింపలేదు. తుంగభద్ర కాలువ నష్టము ఆయనకు ఎదురుసాక్ష్యముగ నిలిచెను. 1882లో ప్రభుత్వము కంపెనీ నుండి కాలువను కొనివేసెను.

కాటన్ పొరపాట్లను దాచిపెట్టి పొగడుట ఆయనకు గౌరవము కాదు. డెల్టా నేలకు, మెట్టనేలకు గల భేదమును ఆయన తగినంతగ లెక్కింపలేదు. కాలువ త్రవ్వినంతనే రైతు వరి వేయునని నమ్మెను. కాలువలలో పడవ రవాణా రైలును ఓడించునని చివఱి వఱకు పట్టుపట్టెను. కాలము ఆ వాదమును కాదనెను. లండను వాటాదారులకు హామీ వడ్డీ యిచ్చు పద్ధతి ఎంతటి దుబారాకు దారి తీయునో ఆయన ముందుగ గుర్తింపలేదు. కాని ఒక్క విషయమున ఆయన గుఱి తప్పలేదు. నీటిపనిని మొదటి పదేండ్ల ఆదాయముతో కొలువరాదనియు, కరువు యేటితో కొలువవలెననియు ఆయన పట్టుదల. ఆ సత్యమును ధాత కరువు ఋజువు చేసెను.

ఆయన 1860లో కొలువు విరమించెను. 1861లో సర్ బిరుదము వచ్చెను. వార్ధక్యమున ఇంగ్లాండులోని డోర్కింగ్ పట్టణమున నివసించెను. అచ్చటను ఊరకుండలేదు. అరబ్బీ భాషాభ్యాసమునకు ఒక వాచకము వ్రాసెను. తన తోటలో నేలను లోతుగ త్రవ్వి గోధుమ పండించు పరీక్షలు చేసెను. దేశములను కలుపు కాలువలను తలపెట్టిన చేయి చివరకు తోటలోని మడిని త్రవ్వుకొనుచుండెను. 1899 జులై 24వ తేదీన, తొంబదియాఱవ యేట మరణించెను.

టాస్మేనియాలో పుట్టిన ఆ కుమార్తె చరిత్రయు తెలియదగినది. డోర్కింగ్‌లో కూలీలను త్రాగుడు మాన్పించుటకు ఆమె కాఫీగదులు తెఱచి, మతబోధ చేసెను. 1877లో నౌకాసేనాని సర్ జేమ్స్ హోప్‌ను వివాహమాడి లేడీ హోప్ అయ్యెను. నాలుగేండ్లకే ఆయన మరణించెను. తండ్రి గతించిన మఱుసటి యేట, 1900లో, ఆమె తండ్రి జీవితచరిత్రను ప్రకటించెను. ధాత కరువునాడు మద్రాసులో కరువు సహాయసంఘ కార్యదర్శిగ నుండిన విలియం డిగ్బీ అందులో కరువు నివారణను గూర్చి వ్రాసెను. కాటన్ గృహజీవితమును గూర్చి తెలియున దెక్కువ భాగము ఆ గ్రంథము వలననే. ఆమె 1922లో సిడ్నీ నగరమున కన్నుమూసెను.

ఆ గ్రంథమును చదువువారు ఒక విషయము మఱవరాదు. అది కుమార్తె వ్రాసినది. ప్రేమ ఉన్నచోట తూకము ఒక వైపునకు మొగ్గును. పైగా ఈ లేడీ హోప్‌యే 1915లో చార్లెస్ డార్విన్ అంత్యదినములను గూర్చి ఒక కథ ప్రకటింపగా, డార్విన్ సంతానము అది నిజము కాదని ఖండించిరి. కావున ఆమె మాటను తేదీలతో, ప్రభుత్వ నివేదికలతో సరిచూచుకొని గ్రహింపవలెను. అట్లని త్రోసివేయనక్కఱలేదు. నివేదికలు నదిని చూపును, కుమార్తె తండ్రిని చూపును. రెండును ప్రక్కప్రక్కన నుంచికొని చదువుటకే గ్రంథాలయ మున్నది.

కాటన్ తరువాత కథ శ్రీశైలము వఱకు వచ్చినది. 1963లో పండిత జవహర్‌లాల్ నెహ్రూ శ్రీశైలము ఆనకట్టకు శంకుస్థాపన చేసెను. 1980లలో జలాశయము నిండెను. వందకు పైబడిన గ్రామములు మునిగెను. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగ విప్పి అలంపురమున మరల నిలిపిరి. మనుష్యుల యిండ్లను అట్లు విప్పి కట్టినవారు లేరు. ఆ జలాశయపు నీరు పోతిరెడ్డిపాడు వద్ద బయలుదేఱి, బనకచెర్ల వద్ద చీలి, అనేక కాలువలకు పోవుచున్నది. అందులో కొంత కె.సి. కాలువకును చేరుచున్నది. 2017 నుండి ముచ్చుమఱ్ఱి వద్ద ఎత్తిపోతల ద్వారా కూడ జలాశయపు నీటిని ఆ కాలువలోనికి ఎత్తుచున్నారు. సుంకేసుల వద్ద పాత ఆనకట్ట స్థానమున కోట్ల విజయభాస్కరరెడ్డి పేరిట బరాజు వచ్చినది. నిలువ నీరు లేదన్న పాతకాలువ లోటును ఇట్లు కొంతవఱకు శ్రీశైలము తీర్చుచున్నది.

ఇచ్చటను పాతప్రశ్నయే మరల వచ్చును. లెక్కలో దేనికి పద్దు వ్రాయవలెను? నీరు అందిన యెకరములకు పద్దు ఉన్నది, పుట్టిన విద్యుత్తునకు పద్దు ఉన్నది. మునిగిన ఊరి చింతచెట్టునకు, చెదరిన బంధువర్గమునకు ఏ పుస్తకములో పద్దు ఉన్నది? కంపెనీవారు కరువున బ్రతికినవారిని లెక్కింపక తప్పు చేసిరి. ఊరు విడిచినవారిని లెక్కింపకుండుటయు అట్టి తప్పే యగును.

ఇంజనీరు వంశవృక్షము గ్రంథములలో పదిలముగ నున్నది. ఆయన తాత పేరు, పదునొకండుగురు కొడుకుల తండ్రి పేరు, కుమార్తె పేరు, అన్నియు దొరకును. మిట్టకందాల వద్ద మిట్టను త్రవ్వినవారి పేర్లు, హంద్రీ వంతెనకు రాయి చెక్కినవారి పేర్లు, ధాత కరువున కాలువ గట్టున మొదట మడి కట్టిన రైతుల పేర్లు అట్లు దొరకవు. అవి యున్నచో ఊరి కరణాల పాత కాగితములలోను, తాతలు మనుమలకు చెప్పిన మాటలలోను ఉండవలెను. మునిగిన గ్రామములనుండి తరలివచ్చిన వృద్ధులు ఇంకను కొందఱు జీవించి యున్నారు. వారి వంశములను, ఊళ్ళ పేర్లను, పొలముల పేర్లను వారి నోటనే విని వ్రాసి యుంచు పని ఏ ప్రభుత్వమునకో విడిచిపెట్టదగినది కాదు. ఒక నోటుపుస్తకము, ఒక కలము, ఓపిక గల ఇద్దఱు యువకులు ఉన్నచో గ్రామ గ్రంథాలయమే దానిని చేయగలదు. ఇరువదియైదేండ్లు గ్రంథములను కాపాడిన ఈ సంస్థ బీరువాలో అట్టి పుస్తక మొకటి చేరినచో, కాటన్ దొర చరిత్ర ప్రక్కన దానికి స్థాన మిచ్చుట న్యాయము.